బ్రాకెట్లో మూసేసిన తల్లి మాట

పిల్లల్ని పడవలో ఎక్కించి తీసుకుపోతుంటే ఒక తల్లి నలభై సెకన్ల పాటు మాట్లాడింది. ఆ నలభై సెకన్లకూ కలిపి ‘స్థానిక భాషలో మాట్లాడుతోంది’ అని ఒక్క ముక్క రాసి, దానికి అటూ ఇటూ బ్రాకెట్లు బిగించి మాకు పంపించారు. అది తప్పు. అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే. ఆ తప్పును దిద్దబోయి నేను చేసిన తప్పు కూడా ఒకటుంది. దాని సంగతి దాచకుండా చెబుతాను.

సార్స్ భయం పోయిన మరుసటి ఏడు, 2004. సింగపూర్‌లో చాంగీ బిజినెస్ పార్క్ అనేచోట ఒక అద్దాల భవనం మూడో అంతస్తులో మా ఆఫీసు. మా కింద ఏదో బ్యాంకు వాళ్ళ లెక్కల ఆఫీసు, మా పైన సాఫ్ట్‌వేర్ కంపెనీ. పొద్దున ఎక్స్‌పో స్టేషన్లో దిగితే మెడలో బిళ్ళలు వేలాడేసుకున్న మన పిల్లలే సగం మంది. గుంటూరు యాస, కడప యాస, హైదరాబాదు ఉర్దూ అన్నీ ఒక్క ఎస్కలేటర్ మీదే వినొచ్చు. నేను బుకిట్ బటోక్ నుంచి వచ్చేవాణ్ణి, అంటే దీవి ఈ కొస నుంచి ఆ కొసకి. నాకప్పటికి యాభై ఏడు. ఆ అంతస్తు మొత్తం మీద డిగ్రీ లేనివాణ్ణి నేనొక్కణ్ణే. డిగ్రీ మాట అటుంచండి, నా చదువు ఐదో తరగతితో సరి.

నేను నెల్లూరు జిల్లాలో టూరింగ్ టాకీసు ఆపరేటరుగా మొదలుపెట్టాను. తరవాత సింగపూర్‌లో తమిళ సినిమాలు వేసే ఒక హాల్లో ఆపరేటరు ఉద్యోగమని ఏజెంటు తీసుకొచ్చాడు. ఆ హాలు మూతపడేదాకా పదిహేడేళ్ళు చేశాను. రీళ్ళ డబ్బాల మీద అంటించిన చీటీలు, హాలు ఓనరు చదివి పారేసిన పేపర్లు, అట్టలూడిన ఒక డిక్షనరీ, ఇవే నా కాలేజీ. తమిళం వీధిలో వచ్చింది, మలయ్ టీకొట్టులో వచ్చింది, ఇంగ్లీషు మాత్రం పట్టుబట్టి నేర్చుకున్నాను. ఐటీ జోరు మీదుండగా శాటిలైట్ చానళ్ళు సింగపూర్‌లో దుకాణాలు తెరిచాయి. ఇక్కడ కూర్చుని ఇండియాకు తెలుగులో, తమిళంలో, హిందీలో బొమ్మ పంపించాలంటే ఆ భాషలు తెలిసినవాళ్ళు కావాలి. అలా నాకు సబ్‌టైటిలింగ్ కంపెనీలో కుర్చీ దొరికింది.

ఆ పని ఎలా ఉంటుందో రెండు మాటల్లో చెబుతాను. క్లయింటు బొమ్మతో పాటు డైలాగ్ లిస్ట్ పంపిస్తాడు. అంటే ఎవరు ఏ క్షణాన ఏమన్నారో ఇంగ్లీషులో రాసిన జాబితా. మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో సెకనులో ఇరవై ఐదో వంతు దాకా గుర్తు పెట్టడాన్ని స్పాటింగ్ అంటారు. ఆ గుర్తుల మధ్య మనం తెలుగు మాట కూర్చోబెట్టాలి. ఒకసారికి రెండు వరుసలు మించకూడదు. ఆరు సెకన్లు మించి తెర మీద ఉండకూడదు. మన తెలుగుకి ఇంకో తద్దినం కూడా ఉంది. పై వరుసలోని ఒత్తులు కింది వరుసలోని గుడుల మీదికి దిగబడతాయి. ‘రాష్ట్రం’ అన్న మాట పై వరుసలో పడిందంటే ఆ పూట నాకు తలనొప్పే. చివరగా ఒకడు కూర్చుని మొత్తం చూసి సరే అనాలి. దాన్ని క్యూసీ అంటారు. తెలుగు క్యూసీ నాదే. నేను సరే అన్నాక ఇంకెవరూ చూడరు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఆ ఏడు ఒక చానలు వాళ్ళు నాలుగు సినిమాల కట్ట పంపించారు, వారం పాటు వరసగా వేస్తారట. నాలుగూ ఒకే సంగతి మీద తీసినవి. ఆస్ట్రేలియాలో, కెనడాలో ఆ నేల మీద మొదటి నుంచీ ఉన్న జనం పిల్లల్ని సర్కారు వాళ్ళు తల్లుల దగ్గర్నుంచి ఎత్తుకుపోయి బోర్డింగ్ బడుల్లో పడేసిన కథలు. ఎత్తుకుపోవటం అనే అంటాను. ‘తరలింపు’ అని రాయమని మా స్టైల్ షీటులో, అంటే ఏ మాట వాడాలో చెప్పే పట్టికలో, ఉండేది. తరలించేది ధాన్యాన్ని. పిల్లల్ని కాదు.

నాలుగు సినిమాలూ చూశాను. ఊళ్ళు వేరు, వాతావరణం వేరు, కానీ ఎత్తుకుపోయిన తరవాత జరిగే పని మాత్రం ఒక్కటే. మొదట జుట్టు కత్తిరిస్తారు. తరవాత బట్టలు తీయించి అందరికీ ఒకే గుడ్డ తొడుగుతారు. తరవాత పేరు మారుస్తారు. తరవాత నోరు తెరిచి ఇంటి మాట అంటే కొడతారు. నాలుగో సినిమాకి వచ్చేసరికి కత్తెర కనపడితేనే నేను బొమ్మ ఆపేసి లేచి కిటికీ దగ్గరికి పోయేవాణ్ణి.

ఆ నాలుగో సినిమా కెనడాది, పాతికేళ్ళ కిందట తీసింది. పెద్ద చెరువు, చెరువు ఒడ్డున నాలుగైదు ఇళ్ళు. మోటారు పడవలో ఇద్దరు మనుషులు వస్తారు, ఒక కాగితం చూపిస్తారు. ఏడెనిమిదేళ్ళ ఆడపిల్లనూ, నాలుగేళ్ళ మగపిల్లవాణ్ణీ పడవలో కూర్చోబెడతారు. తల్లి ఏడవదు. పడవ కదలగానే నీళ్ళలోకి దిగి వెనకే నడుస్తుంది. మోకాళ్ళ లోతు, నడుం లోతు, రొమ్ముల లోతు. నడుస్తూ ఆపకుండా మాట్లాడుతూనే ఉంటుంది. మోటారు చప్పుడు పెరిగి ఆమె గొంతు కలిసిపోయేదాకా నలభై సెకన్లు.

డైలాగ్ లిస్టులో పడవ మీది మనిషి ‘హుఁ’ అన్నాడని ఉంది. దగ్గాడని ఉంది. మోటారు మొదటిసారి స్టార్ట్ కాలేదని కూడా ఉంది. తల్లి దగ్గరికి వచ్చేసరికి ఆ బ్రాకెట్. నాకు ఒళ్ళు మండిపోయింది. కథంతా ఏమిటయ్యా అంటే వాళ్ళ మాట లాక్కున్నారని. ఆ కథ చెప్పే సినిమాకి జాబితా రాసినవాడు వాళ్ళ మాట మళ్ళీ లాక్కున్నాడు.

మా ప్రాజెక్ట్ మేనేజర్ శ్రీధర్ తెనాలి కుర్రాడు. ముప్ఫై దాటలేదు, మంచివాడు. నన్ను అంకుల్ అనేవాడు గానీ పని విషయంలో నా బాసు అతనే. నేను బొమ్మ తెచ్చి చూపించి, ఈ తల్లి ఏమంటోందో క్లయింటును అడగమన్నాను. అతను రెండుసార్లు చూశాడు.

“అంకుల్, ఒరిజినల్‌లోనే అక్కడ సబ్‌టైటిల్ లేదు. డైరెక్టరే వదిలేశాడు. మనకెందుకు?”

“డైరెక్టరు వదిలేస్తే ఖాళీగా వదిలేశాడు. ఈ బ్రాకెట్ పెట్టింది డైరెక్టరు కాదు గదా. ఎవడో గుమాస్తా.”

“మనమూ గుమాస్తాలమే అంకుల్. మీరింకా ఆపరేటరు గదిలో ఉన్నట్టు మాట్లాడతారు. నచ్చకపోతే రీలు ఆపేద్దామంటారు.”

నవ్వుతూ అన్నాడు, తప్పు పట్టను. మెయిల్ కూడా పెట్టాడు. రెండు రోజులకు జవాబొచ్చింది. జాబితాయే ఫైనల్ అట, ఉన్నది ఉన్నట్టు అనువదించమన్నారు.

నా పక్క కుర్చీలో రొజియా అని మలయ్ ఆవిడ స్పాటింగ్ చేసేది. ముగ్గురు పిల్లల తల్లి. పన్లో ఆమె కన్ను గద్ద కన్ను. మధ్యాహ్నం కింద తిండికొట్లుండే హాకర్ సెంటర్లో అన్నం తింటూ నేను ఈ సంగతి చెప్పి, ఆ తల్లి వాళ్ళను ఎంత బతిమాలుకుంటోందో పాపం అన్నాను. రొజియా చెంచా ఆపింది. “అంకుల్, ఆమె ఆ మగాళ్ళ వైపు చూడట్లేదు. స్పాటింగ్ చేసేటప్పుడు నేను ఒక్కో ఫ్రేము చూశాను. ఒక్కసారి కూడా చూడలేదు” అంది. నేను ఆ మాట పట్టించుకోలేదు. తలవంచుకుని మాట్లాడితే బతిమాలడం కాకపోతుందా అనుకున్నాను. ఈ వ్యాసం రాయటానికి కారణాల్లో ఆ పట్టించుకోకపోవటం ఒకటి.

నాకు అంత మంట ఎందుకో చెప్పాలి. మాది ఎరుకల కులం. ఈ ముక్క నేను సింగపూర్‌లో పాతికేళ్ళు ఎవరితోనూ అనలేదు. తెల్లవాళ్ళ కాలంలో మావాళ్ళు పుట్టుకతోనే నేరస్తులని చట్టం రాసుకుని, కుటుంబాలకు కుటుంబాలను సెటిల్‌మెంట్లలో పెట్టారు. సెటిల్‌మెంటు అంటే కంచె, కాపలా, పూటపూటకీ హాజరు. పెద్దవాళ్ళు పాడైపోయారు, పిల్లల్నయినా బాగుచేద్దామని పిల్లల్ని వేరే హాస్టల్లో ఉంచేవాళ్ళు. మా నాయన్ను ఆరో ఏట అలా విడదీశారు. వారానికి ఒకసారి కంచె దగ్గర తల్లిని చూడనిచ్చేవాళ్ళు. హాస్టల్లో మా ఇంటి భాష మాట్లాడితే బెత్తం. ఏళ్ళ తరబడి ఆ బెత్తం పని చేసింది. మా నాయనకు ఆ భాష పోయింది. నాకు రానే లేదు.

ఆయన పోయేముందు ఒకసారి చెప్పాడు. “మా అమ్మ కంచె అవతల నిలబడి వచ్చినప్పుడల్లా గడగడా ఏదో అనేదిరా. కాపలావాడు పక్కనే ఉండేవాడు. నా మొహం మీంచి చూపు తిప్పేది కాదు. ఏమనేదో అప్పుడు తెలిసే ఉంటుంది. ఇప్పుడు గొంతు ఒక్కటే గుర్తుంది, మాటలు పోయినయ్. ఆ కాపలా యెదవని ఎంత బతిమాలుకుందో ఏమో.”

ఆ నలభై సెకన్ల బొమ్మ చూసినప్పుడు నాకు వినపడింది మా నాయనమ్మ గొంతు. నేనెప్పుడూ వినని గొంతు. అందుకని ఊరుకోలేకపోయాను.

సినిమా చివర్లో పరుగెత్తే పేర్ల వరసను ఫ్రేము ఫ్రేముగా ఆపి చదివాను. షూటింగు జరిగిన ఊరికి, ఆ జనం తమ పనులు తాము చూసుకునే ఆఫీసుకి కృతజ్ఞతలని ఒకచోట ఉంది. ఆ ఆఫీసు పేరు రాసి, ఊరు రాసి, కెనడా అని రాసి, బుకిట్ బటోక్ పోస్టాఫీసులో ఉత్తరం వేశాను. అయ్యా, మీ సినిమాలో నీళ్ళలోకి దిగిన తల్లి ఏమంటోంది, దయచేసి చెప్పండి, ఫలానా తారీఖు లోపల కావాలి అని. మాస్టర్ టేపు మూడు వారాల్లో వెళ్ళిపోవాలి. మాస్టర్ టేపు అంటే ఇక దిద్దుబాటు లేనిది, చానలు వాడు వేసేది.

మూడు వారాలూ పోయాయి. జవాబు లేదు. ఆఖరి రోజు మధ్యాహ్నం క్యూసీ కుర్చీలో నేనొక్కణ్ణే కూర్చున్నాను. బొమ్మ అక్కడికి వచ్చింది. బ్రాకెట్ వచ్చింది. చెరిపేశాను. దాని స్థానంలో నేనే రాశాను. ‘నా బిడ్డల్ని తీసుకుపోవద్దు బాబూ. దయచేసి నా బిడ్డల్ని నాకివ్వండి. మీ కాళ్ళు పట్టుకుంటాను.’ అలా నలభై సెకన్లకూ ఎనిమిది టైటిళ్ళు. ఒత్తులు గుడులు తగలకుండా చక్కగా కూర్చున్నాయి. రాయటానికి తడుముకోలేదు. ఎందుకు తడుముకుంటాను? ఆపరేటరు గది కంతలోంచి అలాంటి సీన్లు వందసార్లు చూసినవాణ్ణి. మన సినిమాల్లో బిడ్డ దూరమవుతుంటే తల్లి ఏమంటుందో నాకు కంఠతా వచ్చు. మోకాళ్ళ మీద పడుతుంది, కాళ్ళు పట్టుకుంటుంది, బాబూ అంటుంది. హాల్లో ఆడవాళ్ళు కొంగులు తీస్తారు. ఏ తల్లయినా అదే అంటుందని నా నమ్మకం.

సరే అని సంతకం పెట్టాను. టేపు వెళ్ళిపోయింది.

ఇండియా చానలు సింగపూర్‌లో కనపడదు. ప్రసారమైన తరవాత శ్రీధర్ దగ్గరున్న కాపీ ఒక ఆదివారం క్లెమెంటీలో వాళ్ళింట్లో వేశాడు. వాళ్ళమ్మగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. నన్ను భోజనానికి పిలిచారు. గోంగూర పచ్చడి తెచ్చిందావిడ, తిన్నంతసేపూ కొసరి కొసరి వడ్డించింది. సినిమా పెట్టాక ఆ సీను దగ్గర పమిట చెంగుతో కళ్ళు తుడుచుకుని, “ఏ దేశపు తల్లయినా అంతే గదయ్యా” అంది. శ్రీధర్ మాత్రం నా వైపు తిరిగాడు. జాబితాలో లేని మాటలు తెర మీద ఉన్నాయని అతనికి తెలిసిపోయింది. లిఫ్టు దాకా దిగబెట్టడానికి వచ్చి అప్పుడన్నాడు.

“అంకుల్, అవి ఎవరి మాటలు?”

“ఆవిడవే.”

“మీకెవరు చెప్పారు?”

“ఇందాక మీ అమ్మగారు చెప్పింది గదయ్యా.”

లిఫ్టు వచ్చింది. నేనెక్కాను. తలుపు మూసుకునేదాకా అతను అక్కడే నిలబడ్డాడు. గెలిచానన్న ధీమాతో ఇంటికి పోయాను. అంతటితో ఆగితే బాగుండేది. ఆ ధీమాలోనే కెనడాకు రెండో ఉత్తరం రాశాను. మీరు జవాబివ్వకపోయినా ఆ తల్లి మాటను నేను వృథా పోనివ్వలేదు, ఇదుగో ఇలా రాశాను అని నా తెలుగు మాటలకు ఇంగ్లీషు అర్థం వివరంగా రాశాను. మా నాయన సంగతి, కంచె సంగతి, ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను. నా మనసులో ఏముందో ఇప్పుడు సిగ్గుపడకుండా చెబుతాను. శభాష్ అనిపించుకోవాలని.

రెండు నెలలకు జవాబొచ్చింది. సినిమాలో ఆనాడు తల్లి వేషం వేసినావిడే, ఇప్పుడు ముసలిదైంది, రాయించింది. ఆమె ఆ భాషలో చెబుతుంటే మనవరాలు ఇంగ్లీషులో రాసిందట. ట్రైన్లో చదివాను. నేను దిగవలసిన స్టేషను దాటిపోయింది, ఆఖరి స్టేషన్లో అందర్నీ దింపేసేదాకా తెలియలేదు.

ఆ మర్నాడు ఆఫీసుకు వెళ్ళి, ముందు రొజియాకు ఇచ్చాను. చదివి మడిచి నా చేతికిచ్చింది. నేను ముందే చెప్పాను కదా అని ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది. తరవాత శ్రీధర్ గదికి పోయి ఉత్తరం బల్ల మీద పెట్టాను. క్యూసీలో కూర్చుని లేని మాటలు రాశానని నా నోటితో నేనే చెప్పాను. అతను చదువుతున్నంతసేపూ నిలబడే ఉన్నాను.

“మీరు సొంతంగా రాశారని క్లయింటుకి తెలిస్తే వాళ్ళు కట్ట మొత్తం వెనక్కి పంపుతారు అంకుల్. నా ఉద్యోగం, మీ ఉద్యోగం రెండూ గోవిందా.”

“తెలియాలి. మళ్ళీ వేస్తారట గదా వచ్చే నెల. నా అబద్ధం రెండోసారి పోకూడదు.”

“మొదటిసారి పోవచ్చా?”

ఆ మాట అడిగి అతను కంప్యూటరు వైపు తిరిగాడు. ఉత్తరం నకలు జతచేసి, తెలుగు టైటిళ్ళలో మా వల్ల తప్పు జరిగింది, మా ఖర్చుతో దిద్ది కొత్త టేపు ఇస్తామని క్లయింటుకు రాశాడు. ‘మా వల్ల’ అని రాశాడు. ‘ఫలానా మనిషి వల్ల’ అని రాయలేదు. ఆ కుర్రాణ్ణి గుమాస్తా అని నేను మనసులో ఎన్నిసార్లు తిట్టుకున్నానో. గుమాస్తా రాసిన ఆ ఒక్క మాటకి నా నాలుగు భాషలూ సాటిరావు.

క్లయింటు ఒప్పుకున్నాడు. పనిలోపనిగా మిగిలిన భాషల్లో కూడా ఆ మాటలే వేయమన్నాడు. నన్ను క్యూసీ నుంచి తీసేసి టేపుల గదిలో వేశారు. న్యాయమే. కానీ ఆ ఒక్క సీను మాత్రం నా చేతే దిద్దించమని శ్రీధర్‌ను అడిగాను, ఒప్పుకున్నాడు. రొజియా పక్కన కూర్చుని మళ్ళీ స్పాటింగ్ చేసింది. ఆ తల్లి చాలా వేగంగా మాట్లాడింది. తెర మీద చదవటానికి మనిషికి కొంత టైము కావాలి. ఎన్ని రకాలుగా కుదించినా ఉత్తరంలోని మాటలన్నీ నలభై సెకన్లలో పట్టలేదు. రెండు మాటలు వదిలేయాల్సి వచ్చింది. ఒక పూటంతా కూర్చుని, ఏ రెండు వదలాలో తేల్చుకోలేక, ఆఖరికి రొజియానే చూపించమన్నాను. ఆమె వేలు పెట్టి చూపించింది. ఆ రెండు మాటలూ ఇన్నేళ్ళుగా నా దగ్గరే ఉండిపోయాయి. వాటిని కూడా కలిపి మొత్తం ఒకచోట అచ్చులో చూడాలని ఇది రాస్తున్నాను.

వృత్తిలో నేను నేర్చుకున్నదేమిటంటారా? మాట్లాడేవాళ్ళ నోరు మూసేవాడు ఒక రకం దొంగ. వాళ్ళ బదులు తానే మాట్లాడేవాడు ఇంకో రకం. రెండోవాడి కళ్ళలో నీళ్ళుంటాయి కాబట్టి పట్టుకోవటం కష్టం. ఆ బ్రాకెట్ పెట్టినవాడి మీద నాకు ఇప్పటికీ కోపమే, క్షమించేది లేదు. కాకపోతే ఆ కోపంలో నా వాటా నేను పక్కన తీసి పెట్టుకున్నాను. తెలియనిచోట తెలియదని రాయాలి. అడగాలి. జవాబు వచ్చేదాకా ఆగాలి. చూస్తున్నవాళ్ళెవరైనా పక్కన కూర్చుని ఆమె ఎటు చూస్తోందో చెబితే, అన్నం తినటం ఆపి వినాలి.

ఆ ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. నాకు చేతనైన తెలుగులో, ఈసారి ఒక్క మాట కూడా కలపకుండా, ఇక్కడ పెడుతున్నాను.

“అయ్యా, మీ మొదటి ఉత్తరం వచ్చేసరికి నేను ఆసుపత్రిలో ఉన్నాను. రెండోది నా మనవరాలు చదివి వినిపించింది. మీరు మా కోసం కోపం తెచ్చుకున్నారు. అందుకు సంతోషం.

“కానీ ఆమె అలా అనలేదు. సినిమా తీసినతను నాకేమీ రాసి ఇవ్వలేదు, నీకు తోచింది అనమన్నాడు. మా అమ్మ నాతో అన్నదే నేను అన్నాను. నా చిన్నప్పుడు నిజంగా అలా పడవలో కూర్చున్న ఆడపిల్లను నేనే. మా అమ్మ ఆ మనుషులతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. పడవ దూరమయ్యేలోపు నాతో చెప్పాల్సింది చాలా ఉంది, వాళ్ళ మీద దండగ చెయ్యటానికి ఆమెకు టైము లేదు.

“ఆమె అన్నది ఇది. తమ్ముణ్ణి కుడి పక్కకి పడుకోబెట్టు, ఎడమ పక్కకయితే దగ్గుతాడు. చేపలో ముల్లు నువ్వే తీసి పెట్టు, వాడికి చూసుకోవటం రాదు. వాడి చేతి తొడుగులు తాడుతో మెడకి కట్టాను, ఎవరు విప్పమన్నా విప్పనివ్వకు. భయపడితే చెవి పట్టుకో, ఏడుపు ఆపుతాడు. మన మాట వాడి చెవిలో చెప్పు, గట్టిగా చెప్పకు. నీ జుట్టు వాళ్ళు కత్తిరిస్తే మళ్ళీ పెరుగుతుంది, దాని కోసం ఏడవకు. నేను ఈ నీళ్ళ దగ్గరే ఉంటాను. ఎటు నుంచి వచ్చినా ముందు నీళ్ళు వెతుక్కో.

“ఆ బడిలో మగపిల్లలది వేరే భవనం. వాణ్ణి ఒక్క రాత్రి కూడా కుడి పక్కకి పడుకోబెట్టే వీలు నాకు దొరకలేదు. వాడు తిరిగి రాలేదు. నేను వచ్చాను. మా అమ్మ అన్నచోటే ఉంది.

“ఈ మాటలు మీ భాషలో రాసుకోండి. నేను ఒప్పుకుంటున్నాను. దయచేసి అన్న మాట మాత్రం తీసేయండి.

“మీ నాయనమ్మ కంచె దగ్గర ఏమన్నదో నాకు తెలియదు. కాపలావాణ్ణి బతిమాలుకుందని మీ నాన్న అనుకున్నాడని రాశారు. మీ నాన్న మొహం మీంచి ఆమె చూపు తిప్పేది కాదని కూడా మీరే రాశారు. ఆమె ఎవరి మొహం చూస్తూ మాట్లాడిందో ఆ మాటలు వాళ్ళవే. ఆకలేస్తే ఏం చెయ్యాలో, చలేస్తే ఏం చెయ్యాలో అలాంటిదేదో చెప్పి ఉంటుంది. అతను బతికి, పెద్దవాడై, మిమ్మల్ని కన్నాడు కదా. అంటే విన్నాడు.”